ఏనుగు చెవులు... గోదావరికి అటూ ఇటూ

కొవ్వూరులో పెద్దాకు అంటే ముందు గుర్తొచ్చేది అరటాకే. రోజూ భోజనానికి కోసే ఆకులో వింతేముంది! తరువాత కంద. ఒక్క కాడ మీద గొడుగు విప్పినట్టు నిలబడే కంద ఆకును ఇక్కడెవరూ ఆగి చూడరు. బోదె గట్టున తనంతట తానే పెరిగే చేమ సంగతి సరేసరి.

అదే ఊళ్లో రోడ్డు కమ్ రైలు వంతెన ఎక్కి గోదావరి దాటండి. 1974లో మొదలైన ఆ వంతెన మీదుగా రాజమహేంద్రవరం చేరి, అక్కడి నుంచి కడియపులంక వైపు వెళితే రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలే. షేడ్‌నెట్ల కింద, కుండీల్లో, నల్ల ప్లాస్టిక్ సంచుల్లో చేమాకు చుట్టాలన్నీ కొలువుతీరి ఉంటాయి. కాకపోతే పేరు మారింది, ధర మారింది. ‘ఎలిఫెంట్ ఇయర్’ అంటారు. ఏనుగు చెవి అన్నమాట! చిక్కల్లా ఆ ఒక్క పేరు కిందే మూడు నాలుగు రకాల మొక్కలు అమ్ముడవుతాయి. చూడ్డానికి అక్కచెల్లెళ్లే, పెంచడం మొదలుపెడితే ఎవరి గుణం వారిది.

మొదటిది కొలొకేసియా. అంటే మన చేమే. దీని ఆకు కొన నేలను చూస్తుంది. కాడ వచ్చి ఆకు అంచున కాక, కాస్త లోపలగా వీపు మీద అతుక్కుంటుంది. నీళ్లు చల్లితే ముత్యాల్లా దొర్లిపోతాయి. తామరాకును అందరూ పొగుడుతారు గానీ, ఈ విద్యలో చేమాకు దానికేమీ తీసిపోదు. నర్సరీల్లో దీనికి సోకులెక్కువ. ‘బ్లాక్ మ్యాజిక్’ అనే రకం ముదురు వంకాయ రంగులో ఉంటుంది. ఎండ బాగా తగిలితేనే ఆ నలుపు, నీడలో పెడితే పచ్చగా తేలిపోతుంది.

రెండోది అలొకేసియా. ఆకు మెరుస్తుంది, దళసరిగా ఉంటుంది. పెద్ద రకాల్లో కొన ఆకాశాన్ని చూస్తుంది. మనిషెత్తు దాటి పెరిగే అలొకేసియా మాక్రోరైజోస్ వాకిట్లో ఒక్కటుంటే చాలు, ఇంటికే నిండుదనం వస్తుంది. అయితే డెల్టా వాసులు కొనేముందు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి. చేమ బురదలో కాళ్లు పెట్టుకుని హాయిగా బతుకుతుంది. అలొకేసియాకు తేమ కావాలి గానీ వేళ్ల దగ్గర నీళ్లు నిలవకూడదు. ఆగస్టు వానలకు పెరట్లో నీళ్లు నిలిచే ఇళ్లలో దీన్ని నేలలో నాటితే దుంప కుళ్లిపోవడం ఖాయం. ఎత్తు మడి గానీ, అడుగున చిల్లులున్న కుండీ గానీ ఉండాలి.

ఈ కుటుంబంలో చిన్నదైనా ఎక్కువమంది కళ్లు పడేది అలొకేసియా ‘అమెజానికా’ మీద. నల్లటి ఆకుపై ముగ్గు వేసినట్టు తెల్లటి ఈనెలు. పేరు చూసి అమెజాన్ అడవుల్లో పుట్టిందనుకుంటారు. అదేం కాదు. దాని పూర్వీకులు ఆగ్నేయాసియా మొక్కలు. 1950ల్లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక నర్సరీ యజమాని సంకరపరిచి, తన ‘అమెజాన్ నర్సరీ’ పేరే దానికి పెట్టుకున్నాడు!

నిజంగా దక్షిణ అమెరికా నుంచి వచ్చింది కెలాడియం. గులాబీ, ఎరుపు, తెలుపు చల్లినట్టుండే పల్చటి ఆకులు. దీనికి ఎండ పొడ తగలాలి గానీ మండుటెండ పనికిరాదు. చలికాలం వచ్చేసరికి ఆకులన్నీ వాలిపోతాయి. చచ్చిపోయిందని కుండీతో సహా పారబోసేవాళ్లే ఎక్కువ. దుంప నిద్రపోతోందంతే. నీళ్లు తగ్గించి ఓ మూలన ఉంచితే ఎండలు ముదిరి తొలకరి పడేలోపు మళ్లీ మొలకేస్తుంది. ఈ దుంపల్ని ఎకరాలకెకరాలు పండించే ఊరు కూడా ఫ్లోరిడాలోనే ఉంది, లేక్ ప్లాసిడ్ అని. అదే ఫ్లోరిడాలో మన చేమ కాలువలను ఆక్రమించే కలుపు మొక్క. వాళ్లది మనకు ముద్దు, మనది వాళ్లకు బరువు.

ఇక తిరిగి కొవ్వూరు వద్దాం. ఇక్కడి ఉద్యాన పరిశోధన స్థానంలో అరటితో పాటు దుంప పంటల మీదా పని జరుగుతుంది. వంతెన అవతల ఆకు అందం చూస్తే, ఇక్కడ చూసేది దుంప బరువు, దురద. కొవ్వూరు ప్రాంతపు నాటు కందలోంచి ఏరి తీసిన ‘గజేంద్ర’ రకానికి దురద బాగా తక్కువ. పిల్లదుంపలు లేకుండా నున్నగా ఊరుతుంది. బిహార్, బెంగాల్ రైతులు కూడా దీన్ని వేసుకుంటున్నారు. ‘కందకు లేని దురద కత్తిపీటకెందుకు’ అన్న సామెత గజేంద్ర పుణ్యమాని సగం అరిగిపోయింది. గోదావరి జిల్లాల పెళ్లి విస్తట్లో కంద బచ్చలి కూర తినేవాళ్లకు ఆ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఆ దురదకు కారణం సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు. కంద, చేమ, అలొకేసియా, కెలాడియం అన్నింటిలోనూ ఉంటాయి. కూర రకాల్లో తరాలుగా ఏరి తగ్గించుకున్నాం, పైగా ఉడికించి చింతపండు పులుసు పోస్తాం. తోట రకాలను అందం కోసం ఏరారే తప్ప నాలుక కోసం ఎవరూ ఏరలేదు. వాటి ఆకు కొరికితే నోరు మండుతుంది, పెదవులూ నాలుకా వాస్తాయి, ఒక్కోసారి గొంతు వాచి ఊపిరాడటం కష్టమవుతుంది. పాకే పిల్లలున్న ఇంట్లో నేల మీద కుండీ పెట్టకూడదు. పొరపాటున నమిలితే నోరు తుడిచి, నీళ్లతో కడిగి, వాపు కనిపిస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కొమ్మలు కత్తిరించేటప్పుడు కూడా చేతికి గ్లౌజులు, ఆ చేత్తో కళ్లు నులుముకోకపోవడం మంచిది.

కాడ ఎక్కడ అతికింది, కొన ఎటు చూస్తోంది అన్న గుర్తులు మొక్క కొనడానికే. లేత మొక్కల్లో, సంకర రకాల్లో అవి తారుమారవుతాయి. అమెజానికాకైతే కాడ చేమకు లాగే ఆకు వీపునే అతుక్కుంటుంది. చేమాకు పులుసు తినాలనిపిస్తే మాత్రం కుండీ వైపు చూడకుండా కూరల బజారుకు వెళ్లాల్సిందే.