పౌరసత్వము వెంట వచ్చు పన్ను

అమెరికా సంయుక్త రాష్ట్రముల పౌరుడు ఏ దేశమున నివసించినను, ఎక్కడ సంపాదించినను, ఆ సంపాదన నంతటిని ఏటేట ఆ ప్రభుత్వమునకు నివేదింపవలసినదే. నివాసమును బట్టి గాక పౌరసత్వమును బట్టి పన్ను విధించు ఈ పద్ధతి ఆ దేశపు అంతర్యుద్ధ కాలమున ఆరంభమై, మెక్సికోలో నివసించుచు అక్కడి ఆస్తిపై ఆదాయము పొందుచుండిన కుక్ అను పౌరుని వ్యాజ్యమున 1924లో సుప్రీంకోర్టుచే సమర్థింపబడి, నేటికిని నిలిచియున్నది. ఇట్టి విధానము గల మరియొక దేశము ఎరిట్రియా మాత్రమే. చాల సంవత్సరములు డల్లాసులో ఉద్యోగము చేసి, అక్కడి పౌరసత్వము స్వీకరించి, వృద్ధురాలైన తల్లికి సమీపమున నుండవలెనను కోరికతో ఓసీఐ కార్డుపై హైదరాబాదు చేరిన నాకు, బ్యాంకు ఖాతా తెరచుట మొదలు పొలము కౌలుకిచ్చుట వరకు ప్రతి నిర్ణయమునందును ఈ శాసనమును గణనలోనికి తీసికొనవలసివచ్చినది.

వేతనము విషయమున ఆ శాసనము రెండు మార్గములు చూపుచున్నది. ఒకటి, విదేశమున శ్రమించి ఆర్జించిన దానిలో కొంత మొత్తమును, 2025వ సంవత్సరమునకు 1,30,000 డాలర్ల వరకు, పన్ను నుండి మినహాయించుకొనుట. రెండవది, ఆదాయమంతయు చూపి, భారతదేశమున చెల్లించిన పన్నును అక్కడి పన్నులో తగ్గించుకొనుట. మొదటిది సులభముగా కనబడుటచే తిరిగివచ్చిన మిత్రులు పలువురు దానినే ఆశ్రయించుచుందురు. నేను రెండవదానిని ఎంచుకొంటిని. ఏలనన, హెచ్చు వేతనముపై మన దేశపు పన్ను అమెరికా పన్నును సాధారణముగా మించియే యుండును గనుక అక్కడ చెల్లింపవలసినది మిగులదు, మిగిలిన క్రెడిట్‌ను పదేండ్ల వరకు ముందునకు కొనిపోవచ్చును. మినహాయింపును ఒకసారి గైకొని విడిచినవానికో, ప్రత్యేకానుమతి లేనిదే ఐదేండ్ల వరకు అది మరల లభింపదు, వడ్డీకి గాని డివిడెండుకు గాని కౌలుకు గాని అది బొత్తిగా వర్తింపదు.

ఈ కౌలు సంగతి ప్రత్యేకముగా చెప్పదగినది. తెనాలి ప్రాంతమున మా నాయనగారి నుండి సంక్రమించిన మాగాణి నాకు కొంత కలదు. దానిపై వచ్చు కౌలు భారత శాసనము దృష్టిలో వ్యవసాయాదాయము గనుక నేరుగా ఆదాయపు పన్ను లేదు; అమెరికాకు అది కేవలము అద్దె. ఇక్కడ పన్ను కట్టని కారణమున అక్కడ తగ్గించుకొనుటకు ఏమియు లేదు. వేతనముపై మిగిలిన క్రెడిట్‌ను ఈ తరగతి ఆదాయమునకు మరలించుటకును వీలులేదు. 1989లో సంతకమై మరుసటి యేట అమలులోనికి వచ్చిన ఉభయదేశముల ఒప్పందము ఒకే రూపాయిపై రెండు పన్నులు పడకుండ కాపాడునే గాని, ఒక దేశము విడిచిన పన్నును రెండవ దేశము గైకొనకుండ ఆపదు. ఎన్ఆర్ఇ డిపాజిట్ల వడ్డీకిని ఇదే న్యాయము. అయినను పొలమును అమ్మలేదు. కొంత పన్ను కట్టియైనను దానిని నిలుపుకొనవలెనని నా మనస్సు నిశ్చయించుకొన్నది.

మ్యూచువల్ ఫండ్ల విషయమున మాత్రము నా నిశ్చయము దీనికి విరుద్ధము. ధనికులు పరదేశపు నిధులలో సొమ్ము దాచి పన్నును వాయిదా వేయుచున్నారని 1986లో చేసిన కట్టుబాటు, నెలకు కొన్ని వేల రూపాయలు సిప్ పద్ధతిలో కూడబెట్టు సామాన్యుని కూడ ఆ ధనికుల పంక్తిలోనే కూర్చుండబెట్టినది. అమ్మినపుడు వచ్చిన లాభమును, ఉంచుకొన్న సంవత్సరములన్నిటికిని పంచి, ఆయా సంవత్సరముల అత్యున్నత రేటున పన్ను వేసి, దానిపై గడచిన కాలమునకు వడ్డీ కూడ విధింతురు. ఇది తప్పించుకొనుటకు ఏటేట లెక్కగట్టు ఐచ్ఛిక మార్గములు కొన్ని యున్నను, ఒక్కొక్క ఫండునకు ఒక్కొక్క ఫారము 8621 నింపవలసియుండును. ఇది అన్యాయమనియే నా దృఢాభిప్రాయము. కాని అన్యాయమని తెలిసిన గోతిలో దిగుట వివేకము కాదు గనుక, ఇక్కడ ఫిక్సెడ్ డిపాజిట్లును కొన్ని కంపెనీల వాటాలును మాత్రమే ఉంచుకొని, ఫండ్ల నన్నిటిని అమెరికా బ్రోకరు వద్దనే ఉంచితిని. వానిని భారతదేశపు రిటర్నులో విదేశాస్తుల పట్టికయందు చూపుట నాకు భారము కాలేదు.

ఇక ఖాతాల ప్రకటన. విదేశములోని ఖాతా లన్నిటి మొత్తము సంవత్సరమున ఏ ఒక్క దినమున 10,000 డాలర్లు దాటినను, పన్ను ఏమియు లేకపోయినను, ఎఫ్‌బార్ అను నివేదిక వేరుగా పంపవలెను. మన కుటుంబములలో వృద్ధులైన తల్లిదండ్రుల ఖాతాకు కొడుకు పేరో కూతురి పేరో చేర్చుట ఆచారము. ఆ సొమ్ములో ఒక్క పైసయు తమది కాకపోయినను, సంతకాధికార మున్నంతనే ఆ ఖాతాయు లెక్కలోనికి వచ్చును. “నా డబ్బు సంగతి ఆ దేశం వాళ్లకెందుకురా?” అని మా అమ్మ బాధపడినది. ఆస్పత్రి అవసరము అర్ధరాత్రి వచ్చినపుడు ఆ సంతకమే అక్కరకు వచ్చునని యెంచి, పేరు తీసివేయక, ఖాతాను ఏటేట ప్రకటించుచున్నాను. రుమేనియాలో జన్మించి, అమెరికా పౌరుడై, 1990లో స్వదేశమునకు మరలిపోయిన అలెగ్జాండ్రు బిట్నర్ ఐదేండ్ల నివేదికలు సకాలమున పంపని కారణమున, ఖాతాకొక్క జరిమానా చొప్పున 27.2 లక్షల డాలర్లు ప్రభుత్వ మడిగెను. బుద్ధిపూర్వకము కాని లోపమునకు నివేదికకొక్క జరిమానాయే యని సుప్రీంకోర్టు 2023లో తీర్పు చెప్పగా అది 50,000 డాలర్లకు దిగినది. దిగిన పిదప కూడ అది చిన్న మొత్తము కాదు.

తేదీలు జ్ఞాపకముంచుకొనుట కష్టము కాదు: పన్ను రిటర్ను పంపుటకు విదేశవాసికి జూన్ 15 వరకు గడువు కలదు, పన్ను బాకీయున్నచో వడ్డీ ఏప్రిల్ 15 నుండియే నడచును. మన ఆర్థిక సంవత్సరము అమెరికా పన్ను సంవత్సరమువలె జనవరిలో గాక ఏప్రిల్‌లో మొదలగుటచే, ఇక్కడి డిపాజిట్లపై వచ్చు వడ్డీలెక్క నెలవారీగా వ్రాసి యుంచుకొనుట మేలు.

అమెరికాలో పుట్టి శైశవముననే ఇక్కడికి వచ్చిన బిడ్డల సంగతి నన్ను మిక్కిలి కలతపెట్టుచున్నది. హెచ్1బి మీద పనిచేసి తిరిగివచ్చిన మా మేనల్లునికిని, అతని భార్యకును అమెరికాకు ఏ నివేదికయు పంపు నక్కర లేదు. అచ్చట జన్మించిన వారి కుమార్తె మాత్రము పౌరురాలు. ఆమె చదువునకై ఆమె పేరనే మ్యూచువల్ ఫండు కొనబోవుచున్నామని వారు చెప్పినపుడు, తల్లి పేరన కొనుడని గట్టిగా చెప్పితిని. వారు అటులే చేసిరి. అవసరము వచ్చిన నాడు ఫండును తల్లియే అమ్మి, ఇక్కడి పన్ను కట్టి, సొమ్మును కుమార్తెకు బహుమతిగా ఈయవచ్చును; అమెరికా పౌరుడు కాని వ్యక్తి యిచ్చిన బహుమతిపై అందుకొన్నవారికి అక్కడ పన్ను లేదు, ఒక సంవత్సరమున అది 1,00,000 డాలర్లు మించినపుడు మాత్రము ఫారము 3520 పంపిన చాలును.