సకలము – శకలము

ఏడేండ్ల క్రితం ఒక సాయంకాలం హనుమకొండలోని మా ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోనుండి నల్లని ఇనుప పెట్టె ఒకటి, చెక్క స్పీకర్లు రెండు దిగాయి. ఉద్యోగ విరమణ చేసి కుమారుని దగ్గరకు తరలిపోతున్న ఒక మిత్రుడు, తాను ఇరవై యేండ్లు ప్రాణప్రదంగా చూసుకొన్న ఇంటిగ్రేటెడ్ ఆంప్లిఫయరును నాకు అప్పగించి వెళ్ళాడు. "అమ్ముకోవడానికి మనసొప్పలేదు. నీవైతే పాట వింటావు" అన్నాడు. పెట్టె పదిహేడు కిలోలు తూగింది. మా శ్రీమతి దాని చుట్టూ ఒకసారి తిరిగి, వెనుకవైపు ఉన్న రంధ్రాలనూ తీగెలనూ పరిశీలించి, "ఇంట్లో ఉండేది ఇద్దరం. ఇంత గొంతు ఎవరికోసమండీ?" అని అడిగింది.

ఆ క్షణంలో నాకు సమాధానం తోచలేదు. ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేసినవాడినే గాని, విద్యుత్తు సంగతి నాకేమి తెలుసు? తరువాత మెల్లగా తెలుసుకొన్నాను. పాటను ఎన్నుకొని, దాని స్థాయిని సరిచేసే భాగం ఒకటి. స్పీకరును కదిలించగల బలాన్ని దానికి సమకూర్చే భాగం మరొకటి. ఈ రెండూ ఒకే పెట్టెలో ఉంటే దానిని ఇంటిగ్రేటెడ్ అంటారు. మా పెట్టె ఒక్కొక్క స్పీకరుకు 100 వాట్లు ఇవ్వగలదు. వినడానికి భయంకరంగా ఉన్నా, అసలు లెక్క వేరు. మా స్పీకరుకు ఒక్క వాటు ఇస్తే, మీటరు దూరంలో 88 డెసిబెల్స్ ధ్వని పుడుతుంది. మనం ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకొనే మాట సుమారు 60 డెసిబెల్స్. కనుక రాత్రిపూట గదిలో కూర్చొని కీర్తన వినడానికి ఒక వాటులో నూరవ వంతు చాలును! మిగిలిన తొంభైతొమ్మిది వాట్లూ ఏమి చేస్తాయి? ఊరకే ఉంటాయి. మృదంగం మీద ఒక దెబ్బ గట్టిగా పడినప్పుడు, ఆ లిప్తకాలానికి మాత్రం కొంత బలం లేచివచ్చి మళ్ళీ పడుకొంటుంది. బలం చాలని చిన్న యంత్రాన్ని హద్దుమీరి పెంచితే ధ్వనితరంగం శిఖరాలు తెగిపోయి, పాట కర్కశమవుతుంది. స్పీకరు కూడ పాడయ్యే ప్రమాదముంది. ఇంత గొంతు ఎందుకంటే, అరవకుండా ఉండడానికన్నమాట. ఈ సమాధానం దొరికిన నాడు మా శ్రీమతికి చెప్పాను. "మీ తరగతిలో కూడ అంతేనా?" అన్నది. నేను మారుపలుకలేదు.

డెసిబెల్స్ లెక్క మామూలు కూడికల లెక్క కాదు. శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. చెవికి ధ్వని రెండింతలైనట్లు తోచాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి. అందుకు శక్తి పదింతలు కావాలి. వాల్యూమ్ నాబ్ స్థానాన్ని గడియారపు ముల్లుతో పోల్చి చెప్పడం ఈ విద్య తెలిసినవారి అలవాటు. పూర్తిగా ఎడమకు తిప్పి ఉంచితే ఏడు గంటలు, అంటే నిశ్శబ్దం. పూర్తిగా కుడికి తిప్పితే ఐదు గంటలు. సగం తిప్పితే సగం బలమే వస్తుందనుకోవడం పొరపాటు. సీడీలాంటి బలమైన మూలం తగిలించినప్పుడు, నాబ్ పన్నెండు గంటలు దాటకముందే యంత్రం తన శక్తినంతా ధారపోయవచ్చు. ఈ సత్యాన్ని నేను పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. మొదటి వారంలో ఒక పాత క్యాసెట్టు వింటూ, దాని ధ్వని మరీ నీరసంగా ఉండడంతో నాబ్‌ను పదకొండు దాకా తిప్పాను. దానిని అలాగే వదిలి, మరునాటి వేకువన సీడీ పెట్టాను. నాదస్వరం! నా చేతిలోని టీ గ్లాసు నేలపాలయింది. పై వాటాలో పసిపాప గుక్కపట్టి ఏడ్చింది. కాసేపటికి పాప నాయనమ్మ మెట్ల మీదనుండి తొంగిచూసి, "సారూ, ఇయ్యాల మీ ఇంట్ల లగ్గమా ఏంది?" అని అడిగింది. నాటినుండి, మీట వేసేముందు నాబ్‌ను ఏడు గంటలకు తెచ్చి ఉంచడం మా ఇంటి ఆచారమైంది.

ఆ సంఘటన తరువాతనే మా శ్రీమతి ఒక పని చేసింది. తన పెట్టెలోనుండి ఎర్రని బొట్టుబిళ్ళ తీసి, నాబ్ ప్రక్కన సరిగ్గా తొమ్మిది గంటల స్థానంలో అతికించింది. "రాత్రి ఇది దాటకూడదు" అన్నది. మన దేశంలో 2000వ సంవత్సరంలో చేసిన శబ్దకాలుష్య నియమావళి, నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్స్ హద్దులుగా నిర్ణయించింది. వినాయక చవితి ఊరేగింపుల వెంట నడిచే డబ్బాలకు ఆ అంకెలు తెలిసినట్లు లేదు. మా ఇంట్లో మాత్రం ఆ బొట్టుబిళ్ళే శాసనం.

తక్కువ ధ్వనిలో వినడంలో ఒక చిక్కు ఉంది. ధ్వని తగ్గించినకొద్దీ అన్ని స్వరాలూ సమానంగా తగ్గినట్లు చెవికి తోచదు. మందరస్థాయి ముందుగా మాయమవుతుంది. గాయకుని గొంతు నిలుస్తుంది, వయొలిన్ నిలుస్తుంది, మృదంగం ఎడమవైపు పలికే గంభీరనాదం గోడల్లోకి ఇంకిపోతుంది. అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు చెందిన ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే ఈ విషయాన్ని కొలిచి, రేఖలు గీసి చూపారు. ఆ లోటును కొంత పూడ్చడానికే పాత ఆంప్లిఫయర్లపై 'లౌడ్‌నెస్' అనే మీట ఉండేది. మా పెట్టెకూ ఉంది. మంద్రం హృదయంలో, మధ్యమం కంఠంలో, తారం శిరస్సులో పుడుతుందని మన సంగీతశాస్త్రకారులు చెప్పారు. ఆ మీట నొక్కినప్పుడు పాటకు గుండె తిరిగివచ్చినట్లు నాకు అనిపించేది.

నాలుగేండ్లు ఇలా సుఖంగా గడిచాయి. తరువాత నాబ్ నెమ్మదిగా బొట్టుబిళ్ళను దాటసాగింది. మొదట తొమ్మిదిన్నర. కొన్ని నెలలకు పది. "బిళ్ళ దాటింది" అని వంటింటిలోనుండి హెచ్చరిక వినిపించేది. "పెట్టె ముసలిదైంది, బలం తగ్గింది" అని నేను వాదించేవాడిని. నా వాదనను నిరూపించుకోవడానికి దానిని హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక మెకానిక్కు వద్దకు మోయించాను. అతడు మూత విప్పి, దుమ్ము ఊది, నాబ్ లోపల ఏదో ద్రవం చల్లి, మీటరు పెట్టి చూశాడు. "పెట్టె మంచిగనే ఉన్నది సార్, ఏం తగ్గలే. మీరు ఎంతల పెట్టుకొని వింటరు?" అన్నాడు. నేను తిప్పి చూపాను. అతడు రెండడుగులు వెనుకకు వేశాడు. నా ముఖం వంక చూశాడు గాని మరేమీ అనలేదు. శుభ్రం చేసినందుకు రెండువందలు తీసుకొన్నాడు. నేను పెట్టెను తెచ్చుకొని, మెకానిక్కుకు పని రాదని మా శ్రీమతికి చెప్పాను.

అదే మాసంలో కళాశాలలో ఒక సంగతి జరిగింది. మొదటి సంవత్సరం తరగతిలో పద్యపఠనం చేయిస్తున్నాను. పఠనం విషయంలో నేను కఠినుణ్ణి. పిల్లలకు మొదటి రోజునే పాణినీయ శిక్షలోని ఒక పోలిక చెబుతాను: ఆడపులి తన కూనలను నోట కరచుకొని పోయేటప్పుడు, అవి జారిపడకుండా, పంటిగాటు తగలకుండా ఎంత జాగ్రత్త పడుతుందో, అక్షరాలను అంత జాగ్రత్తగా పలకాలట. 'స'కారాన్ని 'శ'కారంగా పలికితే 'సకలము' కాస్తా 'శకలము' అవుతుందనీ, మొత్తం అనవలసిన చోట ముక్క అన్నట్లవుతుందనీ హెచ్చరిస్తాను. ఆ రోజు చివరి బల్లమీదినుండి ఒక అమ్మాయి లేచి చదివింది. పల్లెనుండి వచ్చిన పిల్ల, గొంతు సన్నం. 'సకల' అనే మాట దగ్గర నేను ఆపాను. "శకలం కాదమ్మా, సకలం. మళ్ళీ చదువు" అన్నాను. చదివింది. నాకు మళ్ళీ 'శ'యే వినిపించింది. "నాలుకను పళ్ళదగ్గరికి తీసుకొనిరా" అంటూ దంత్యానికీ తాలవ్యానికీ భేదం నల్లబల్లపై రాసి చూపాను. మూడవసారి ఆమె గొంతు మరింత తగ్గింది. తరగతి అంతా నిశ్శబ్దమైంది. నేను పేరు పెట్టి మందలించి కూర్చోబెట్టాను.

గంట మోగిన తరువాత మరొక విద్యార్థి వరండాలో నా వెంట వచ్చాడు. కొంతసేపు నసిగి, "సార్, ఆ అమ్మాయి మూడుసార్లూ 'స' అనే చదివింది సార్" అన్నాడు.

నేను ఇంటికి వెళ్ళి ఆ సాయంత్రం పెట్టె మీట వేయలేదు.

వినికిడి పరీక్ష చేసే గది చాలా చిన్నది. గోడలకు మెత్త వేసి, తలుపు మూస్తే మన ఊపిరి మనకే వినిపించేటంత నిశ్శబ్దంగా ఉంది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, 250 నుండి 8000 హెర్ట్‌జ్ వరకు ఒక్కొక్క నాదాన్ని సన్నగా వినిపిస్తారు. వినిపించినప్పుడల్లా మీట నొక్కాలి. కొన్నిసార్లు చాలాసేపు ఏమీ వినిపించలేదు. పరీక్ష చేసే అమ్మాయి విశ్రాంతి ఇస్తున్నదనుకొన్నాను. ఇవ్వలేదని కాగితం చూసినప్పుడు తెలిసింది. రెండువేల వరకు సమంగా నడిచిన గీత, ఆపైన వాలులో జారే రాయివలె క్రిందికి దిగిపోయింది. నాలుగువేల దగ్గర నాకు వినిపించాలంటే 50 డెసిబెల్స్ కావాలి.

ఆమె వివరించిన తరువాత నాకు నా శాస్త్రమే కొత్తగా బోధపడింది. అచ్చుల బలమంతా క్రింది స్థాయిలలో ఉంటుంది. అవి గట్టిగా వినిపిస్తాయి. 'స'కారపు సారం నాలుగైదువేల హెర్ట్‌జ్‌కు పైన, మిక్కిలి సన్నగా ఉంటుంది. 'శ'కారానిది అంతకంటె క్రిందినుండే మొదలవుతుంది. పైభాగం వినబడని చెవికి 'స' సగం విరిగి చేరుతుంది. మిగిలిన సగాన్ని మనసు తనకు తోచిన అక్షరంగా పూరించుకొంటుంది. వయసు పెరిగేకొద్దీ మొదట పోయేది ఈ పై స్థాయిలే. అందులోనూ నేను బాల్యంలో శ్రీరామనవమి పందిళ్ళ దగ్గర మైకుసెట్టు గొట్టం క్రిందనే కూర్చొనేవాడిని. అక్కడైతే పాట ముందుగా వినిపిస్తుందని నా నమ్మకం. వయసెంత చెరిపిందో, ఆ గొట్టం ఎంత చెరిపిందో ఎవరూ విడదీసి చెప్పలేరు. వారానికి 40 గంటలు వినేవారికి 80 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. ఇయర్‌ఫోన్లు పెట్టుకొని బస్సులో నిద్రపోయే మా పిల్లలను చూసినప్పుడల్లా ఆ అంకె గుర్తుకు వస్తుంది.

డెసిబెల్ అనే మాటలో దాగిన పేరు అలెగ్జాండర్ గ్రాహంబెల్‌ది. ఆయన టెలిఫోను సృష్టికర్తగా ప్రసిద్ధుడు గాని, వృత్తిచేత బధిరుల ఉపాధ్యాయుడు. ఆయన తల్లికీ, భార్యకూ వినికిడి లేదు. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకొని, బయట బస్సుకోసం నిలుచున్నప్పుడు ఈ సంగతి ఎందుకో మనసులో మెదిలింది.

బొట్టుబిళ్ళను దాటించి నేను చేసిన పొరపాటు ఏమిటో అప్పుడు తెలిసింది. నాబ్ అన్ని స్వరాలనూ ఒక్కలాగే పెంచుతుంది. నాకు తక్కువైనది కొసన ఉన్న సన్నని నాదాలు మాత్రమే. వాటికోసం నేను మొత్తం పాటను పెంచుతూ పోయాను. అవి రాలేదు, మా శ్రీమతి చెవులు మాత్రం నొచ్చాయి. ఆమె తలుపు వేసుకొని లోపలిగదిలో కూర్చొనడం నాకు విసుగనిపించేది. ఆమెకు సంగీతాభిరుచి తగ్గిందనుకొన్నాను.

మరునాటి తరగతిలో హాజరు తీసుకోకముందే ఆ అమ్మాయిని లేవమన్నాను. ఆమె బెదిరింది. "నిన్న నీవు చదివింది సరిగ్గానే ఉంది తల్లీ. తప్పు నా చెవిది" అని, పరీక్ష కాగితాన్ని నల్లబల్లకు ఆనించి, ఆ గీతను అందరికీ చూపించాను. పిల్లలు నవ్వుతారేమోనని భయపడ్డాను. ఒకడు నవ్వబోయి ఆగాడు. ఆ అమ్మాయి "పర్వాలేదు సార్" అని కూర్చున్నది. ఆ తరువాత రెండు మాసాలు ఆమె పద్యం చదవడానికి తానుగా లేవలేదు. అది నా ఖాతాలోనే ఉంది.

ఇప్పుడు నా రెండు చెవుల వెనుక చిక్కుడుగింజంత యంత్రాలు ఉన్నాయి. అవీ ఆంప్లిఫయర్లే. పదిహేడు కిలోల పెట్టె చేయలేని పని చేస్తాయి: నాకు ఏ స్థాయి కరువైందో దానినే పెంచి, మిగిలిన వాటిని ఉన్నచోటనే ఉంచుతాయి. మాటకు అవి అమృతతుల్యం. తరగతిలో చివరి బల్ల ఇప్పుడు దగ్గరకు వచ్చింది. పాటకు మాత్రం అంత నమ్మకం లేదు. మాటలకోసం తీర్చిన యంత్రం కనుక తంబురాశ్రుతిని చప్పుడుగా భావించి అణచబోతుంది. వయొలిన్‌కు రేకు తగిలినట్లవుతుంది. సంగీతంకోసం వేరొక అమరిక వేయించుకొన్నాను. కొంత మేలు.

పాత బొట్టుబిళ్ళ జిగురు ఆరి ఎప్పుడో రాలిపోయింది. నిన్న రాత్రి మా శ్రీమతి కొత్తది తెచ్చి, అదే తొమ్మిది గంటల స్థానంలో అతికించింది. నాబ్‌ను ఏడునుండి మెల్లగా తిప్పి, బిళ్ళ దగ్గర ఆపి, లౌడ్‌నెస్ మీట నొక్కి, వచ్చి నా ప్రక్కన కూర్చున్నది. మృదంగం ఎడమవైపు గంభీరంగా పలికింది.

"తాళాలు వినిపిస్తున్నాయా?" అని అడిగింది.

అప్పటిదాకా ఆ కచేరీలో తాళాలున్నాయని నాకు తెలియదు. "ఎక్కడ?" అన్నాను. ఆమె నా మోకాలిమీద వేలితో తాళం వేస్తూ, అవి పడే చోటు చూపించింది.