ప్రయాణమున చలువపెట్టె

దూరప్రయాణమునకుఁ గారులో ఫ్రిజ్జేల యని కొందఱు సోదరీమణులు నవ్వవచ్చును. ఇన్సులిను వాడు పెద్దలున్న యింటివారు నవ్వరు. తెఱవని సీసాలు 2 మొదలు 8 డిగ్రీల చలువలో నుండవలెను. గడ్డకట్టినచో నవి పనికిరావు.

మండువేసవిలో కాశీయాత్ర తలపెట్టినప్పుడు మా అత్తగారు, "నా మందుకై మీకింత శ్రమ యేల నమ్మాయీ? నేను ఇంటనే యుందును, మీరు పోయిరండు" అనిరి. ఆ మాట మా మనస్సున నాటుకొనెను.

వాహనపు బ్యాటరీ 12 వోల్టులది. ఇంటి ఫ్రిజ్జునకు 230 కావలెను. ఇన్వర్టరు ఆ మార్పు చేయును. కాని 60 వాట్ల పెట్టెకు 60 వాట్ల ఇన్వర్టరు చాలదు. కంప్రెసరు కదలు క్షణమునఁ బలురెట్లు శక్తిని లాగును. ఇంజను నడచునంతసేపు ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుచుండును. బండి నిలిచినచో రాబడి లేక వ్యయమే మిగులును. కావున విడిది చేసినప్పుడెల్ల ఇన్వర్టరు నాపి, పెట్టె మూఁత తెఱవక కాపాడితిమి. లోపల ఉష్ణమాపకము నుంచి చూచుచుంటిమి.

గృహిణికి ఆయవ్యయములు క్రొత్తవా? ఈ లెక్కయు నట్టిదే. ఇంతమాత్రము తెలిసికొన్నచో, పెద్దలను ఇంట విడిచి పుణ్యమునకుఁ బోవలసిన పని యుండదు.