లూవియన్ క్రియ - సంస్కృతజ్ఞుని తొందర

ధాతుపాఠము కంఠస్థమైనవానికి అపరిచిత క్రియ కనబడినచో మనస్సు ఊరకుండదు. ప్రాచీన అనటోలియాలోని లూవియన్ భాష సంస్కృతమునకు దూరపు జ్ఞాతి. కావున అందలి అరుదైన క్రియలకు మన ధాతువులలో పోలిక వెదకవలెనను తహతహ నాకును కలుగుచుండెడిది. దానిని అణచినది ఒక ఉదాహరణము.

లూవియన్ చిత్రలిపి శాసనములలో 'చేయు' అను అర్థము గల క్రియను తొలితరము పండితులు 'అయ' అని చదివిరి. హిత్తైటు భాషలోని 'ఇయ' ధాతువుతో చుట్టరికము చక్కగా కుదిరినది. 1973-74 ప్రాంతమున హాకిన్స్, మోర్పుర్గో డేవీస్, నాయ్‌మన్ కొన్ని లిపిచిహ్నముల విలువలను సవరింపగా అదియే 'ఇజి' అయినది. పాత చుట్టరికము నిలువలేదు. అర్థము మాత్రము చెక్కుచెదరలేదు. ఏలయన దానిని నిలబెట్టినది ధ్వనిసామ్యము కాదు, ప్రయోగము. 1946లో వెలుగుచూచిన కరతెపె ద్విభాషా శాసనమున ఫినీషియన్ పాఠము ప్రక్కనే నిలిచి సాక్ష్యము పలుకుచున్నది.

అట్టి సాక్ష్యము అన్ని క్రియలకు దొరకదు. హత్తుశా మట్టిపలకలలో లూవియన్ మంత్రములు హిత్తైటు ప్రయోగవిధి నడుమ పొదుగబడి యున్నవి. కర్మ చేయువారు ఏమి చేయవలెనో విధి చెప్పును. మంత్రములోని క్రియార్థమును దానినిబట్టి ఊహింపవలెను. శ్రౌతసూత్రములు చదివినవారికి ఇది క్రొత్త గాదు. శ్రుతి, లింగ, వాక్య, ప్రకరణ, స్థాన, సమాఖ్యలలో ముందుదానికన్న వెనుకటిది దుర్బలమని జైమిని మతము. అది వినియోగ నిర్ణయమునకే గాని శబ్దార్థ నిర్ణయమునకు గాదనుట నిజమే. అయినను, వ్యుత్పత్తి బలముపై నిలుచు సమాఖ్య అన్నిటికన్న చివర నుండుట నాకు నచ్చినది.

పగిలిన పలక అంచున ఒకేయొకసారి కనబడు క్రియకు ప్రకరణమే కరవు. ధాతుపాఠమున హింసార్థకములకు కొదవ లేదు. వెదకినచో ఏదో యొకటి సరిపోకపోదు. అందుచేతనే, అట్టి క్రియ ఎదురైనప్పుడు 'హింసార్థకమా?' అని మాత్రము వ్రాసికొని ధాతుపాఠమును మూసివేయుదును.