గాలి పోయిందా అమ్మా?

"మంచాల దగ్గర నేనడిగే ప్రశ్నలకి మీరు నవ్వకూడదండీ" అని హెడ్ సిస్టరు ముందే చెప్పింది.

కోస్తాలో ఒక జిల్లా ఆసుపత్రి, గైనిక్ వార్డు. పొద్దున్న ఎనిమిదింటికి రాత్రి డ్యూటీ వాళ్ళు మంచాలు అప్పగిస్తుంటే ఆవిడ వెనకే నడిచాను. మొదటి ప్రశ్న: "గాలి పోయిందా అమ్మా?" రోగి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. "తెల్లారగట్ట పోయిందమ్మా" అంది అత్తగారు. సిస్టరు కేస్ షీటులో రాసుకుంది. పొట్ట కోసిన తర్వాత పేగులు కొంతసేపు మొద్దుబారతాయి. అవి మళ్ళీ కదిలాయనడానికి అదో గుర్తు. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గాలి కదలకపోతే డాక్టరుకి కబురు వెళ్ళాల్సిందే.

ఇక్కడున్న వాళ్ళలో ఎక్కువమంది గర్భసంచి తీయించుకున్నవాళ్ళే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ ఆడవాళ్ళలో ఈ ఆపరేషన్ అయినవాళ్ళు దేశం మొత్తమ్మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. వాటిలో నిజంగా అవసరమైనవెన్ని అన్నది తేలాల్సిన సంగతే గానీ, మంచమ్మీద పడుకున్నావిడకి ఆ చర్చతో పనిలేదు.

కిందటి రోజు ఆపరేషన్ అయినావిడ దగ్గర సిస్టరు చాలాసేపు ఆగింది. ప్యాడ్ చూసింది. గంటలోపే నిండా తడిస్తే వెంటనే పిలవమని తల్లికి చెప్పింది. పైకి చుక్క కనిపించకపోయినా, నాడి వేగం పెరుగుతూ బీపీ పడుతుంటే లోపల రక్తం కారుతోందేమో అనుకోవాలట. తర్వాత వంగి మూత్రం సంచి చూసింది. గంటకి 30 మిల్లీలీటర్లకి తగ్గకూడదు. కిడ్నీల నుంచి వచ్చే మూత్రనాళాలు గర్భసంచి మెడకి సుమారు రెండు సెంటీమీటర్ల దూరంలోనే పోతాయి కాబట్టి, ఈ ఆపరేషన్లో వాటికి దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. అందుకే ఆ కొలత మీద అంత శ్రద్ధ. దుప్పటి మారుస్తూ తల్లి ఆ సంచిని ఎత్తి మంచమ్మీద పెట్టబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "పైకెత్తితే ఉచ్చ వెనక్కి పోతుందమ్మా, చీము పడుతుంది. కిందికే వేలాడాలి, అలాగని నేలకి తగలకూడదు."

ఆ మూలన ఒకాయన కొబ్బరినూనె రాసి భార్య పిక్కలు పిసుకుతున్నాడు. ఎంత ప్రేమో అనుకున్నాన్నేను. సిస్టరు పరుగులాంటి నడకతో వెళ్ళింది. కదలకుండా పడుకుంటే పిక్కల నరాల్లో రక్తం గడ్డకట్టొచ్చు, పిసికితే ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నూనె సీసా పక్కన పెట్టించి రెండు కాళ్ళూ పోల్చి చూసింది. ఒక్కదానికే వాపు ఉందా, నొప్పి ఉందా, వేడిగా ఉందా అని. ఏమీ లేవు. "పాదాలు పైకీ కిందికీ ఆడించమ్మా, గంటకోసారి. సాయంత్రం నేనే నడిపిస్తా." దగ్గు వస్తే దిండు పొట్టకి అదిమిపెట్టుకుని దగ్గాలని చేసి చూపించింది. కుట్లు పిగులుతాయన్న భయంతో దగ్గు ఆపుకునేవాళ్ళకే నెమ్ము చేస్తుందట.

మందులూ పరికరాలూ ఉన్నాయి సరే. నాకు కనిపించినంతలో ఆవిడ పోరాటమంతా పక్కన కూర్చున్న బంధువులతోనే. పప్పు తింటే చీము పడుతుంది, నీళ్ళు తాగితే పొట్ట పెరిగిపోతుంది, కారప్పొడి అన్నమే పథ్యం. మన ఇళ్ళల్లో ఈ మాటలు విననివాళ్ళెవరు? డాక్టరు తాగమన్న తర్వాత కూడా ఒకావిడకి చెంచాతో నీళ్ళు కొలిచి పోస్తోంది వదినగారు. సిస్టరు వాదన పెట్టుకోలేదు. గ్లాసు తీసుకుని తనే తాగించి, గోడకి ఆనుకుని, ఆమె గుటక వేసేదాకా నిలబడింది. పప్పు సంగతి మాత్రం "కుట్లు అతకాలంటే కావాల్సిందే అదీ, గుడ్డూ" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

మధ్యాహ్నం ఒకావిడ డిశ్చార్జి. కుట్ల దగ్గర పసుపు అద్దొద్దు. జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, కుట్లలో చీము ఉంటే రావాలి. తెలియకుండానే కింద నీళ్ళలా కారుతూ బట్ట తడుస్తుంటే సిగ్గుపడి దాచుకోవద్దు, అది మూత్రమే కావొచ్చు, ఆపరేషన్ అయిన వారం పది రోజులకి కూడా బయటపడొచ్చు. ఈ ఒక్క మాట రెండుసార్లు చెప్పింది. ఆరు వారాలు బరువులెత్తకూడదు, భార్యాభర్తలు దూరంగా ఉండాలి.

"మరి నీళ్ళ బిందెల సంగతో?" అంది ఆవిడ.

సిస్టరు ఆమె భర్త వైపు చూసింది. ఆయన డిశ్చార్జి కాగితం వెనక్కి తిప్పి, ఆరు వారాలంటే ఏ తేదీ దాకానో రాసిమ్మన్నాడు.