మెల్లగా నడచు యుద్ధము

1998వ సంవత్సరమున అమెరికాలో రెండు గొప్ప యుద్ధచిత్రములు వెలువడినవి. జులైలో వచ్చిన స్పీల్‌బర్గుగారి 'సేవింగ్ ప్రైవేట్ రయన్'ను లోకము నెత్తిన పెట్టుకొన్నది. డిసెంబరులో వచ్చిన టెరెన్సు మాలిక్కుగారి 'ది థిన్ రెడ్ లైన్' ప్రేక్షకులను రెండుగా చీల్చినది. ఇరువదియేండ్ల మౌనము తరువాత ఆయన తీసిన చిత్రమది. ఆస్కారు బహుమానములకు ఏడు విభాగములలో ప్రతిపాదింపబడి యొక్కటియు పొందలేదు. 1999లో బెర్లినున స్వర్ణభల్లూక పురస్కారమును మాత్రము పొందెను. చూచుచు నిద్రపోయితిమనువారు కలరు, ఇట్టిది మఱియొకటి లేదనువారును కలరు. నేను రెండవ పక్షమువాడను. అయినను మొదటివారిని రసహీనులని త్రోసిపుచ్చుట నాకు సమ్మతము కాదు.

కథ పసిఫిక్ మహాసముద్రములోని గ్వాడల్‌కెనాల్ దీవిలో నడచును. 1942 ఆగస్టు మొదలు 1943 ఫిబ్రవరి వఱకు అచ్చట అమెరికావారును జపానువారును పోరిరి. అందు స్వయముగా పాల్గొన్న జేమ్సు జోన్సు 1962లో వ్రాసిన నవలయే దీనికి మూలము. సైనికులు చావునకు సిద్ధపడి పడవలలో ఒడ్డు చేరుదురు. ఒక్క గుండైనను పేలదు! గడ్డిలో బారులుతీరి నడచుచుండగా ఆ దీవి వృద్ధుడొకడు ఎదురుగా వచ్చి, వారివంక కన్నెత్తియు చూడక తనదారిని పోవును. ఆ నడకలోనే నాకు చిత్రమంతయు తెలిసినట్లయ్యెను.

పిమ్మట కొండమీద ఘోరయుద్ధము. గుండ్ల క్రింద గడ్డిలో పండుకొన్న సైనికుడొకడు అత్తిపత్తి ఆకును వ్రేలితో తాకును, అది ముడుచుకొనును. "చావు ముందర నిలిచినవాడు ఆకులతో ఆడుకొనునా?" అని నా మిత్రుడొకడు ఆక్షేపించెను. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపానువారు విశాఖపట్టణముపై బాంబులు వేసినపుడు మా నాయనమ్మ పిల్లలతో ఊరు విడిచి పోయెను. ఆమె చెప్పిన కథలలో బాంబుల మాట మిక్కిలి తక్కువ. పొయ్యిమీద సగము ఉడికిన అన్నము, పాలు పిదుకక విడిచివచ్చిన గేదె అఱపు, ఇవియే ఆమెకు కడవఱకు జ్ఞప్తియందుండెను. భయమందు కన్ను దేనిని పట్టుకొనునో ఎవరు చెప్పగలరు?

మెల్లదనమువలన మఱియొక లాభము కలదు. కల్నలు టాల్, కొండపైకి నేరుగా దూకుడని టెలిఫోనులో ఆజ్ఞాపించును. తన మనుష్యులను ఊరక చావనీయనని కెప్టెను స్టారోసు నిరాకరించును. వడిగా పరుగిడు చిత్రములో ఈ ప్రశ్నకు తావేది? ఇచ్చట మనము ఇరువురి మనస్సులను వినుచు కూర్చుందుము. టాల్ దుష్టుడు కాడు. పదోన్నతికై ఏండ్లతరబడి కాచి ముదిసినవాడు. కొండ వశమైన పిదప అతడు స్టారోసును పదవినుండి తొలగించి, పతకమొకటి ఇప్పించెదననును. అధికారము లోకమున నడచు తీరిదే కదా!

దోషములు లేకపోలేదు. పాత్రల స్వగతములు మితిమీరినవి; ఏ కంఠమెవరిదో తెలియక తికమకపడుదుము. నిద్రపోయినవారి ఫిర్యాదులో ఈపాటి న్యాయము కలదు.

జపానువారి శిబిరము పట్టుబడినపుడు శవముల నోళ్లనుండి బంగారుపండ్లు ఊడబెరికిన సైనికుడొకడుండెను. తరువాత వర్షములో ఒంటరిగా కూర్చుండి, ఆ పండ్లను విసరివైచి, వెక్కివెక్కి యేడ్చును. సైన్యమున చేరుటకు దరఖాస్తు పెట్టుకొన్న నా మేనల్లుని ఈ చిత్రము చూడ కూర్చుండబెట్టితిని. చేరవద్దని చెప్పుటకు కాదు. దేశమునకు సైన్యము కావలయును, వాడును ధైర్యశాలియే. ఈ యొక్క ఘట్టము వాని కంట పడవలెనని మాత్రము నా కోరిక. గంట గడువకమున్నే వాడు లేచిపోయెను. మరల చూడుమని ఇప్పటికిని అడుగుచున్నాను. "రెండు గంటల యేబది నిమిషములా మామయ్యా!" అని వాడు నవ్వుచున్నాడు. వచ్చు నెలలో వానికి దేహపరీక్ష.