రిమోట్ ఎవరి చేతిలో?

బదిలీ ఉద్యోగుల ఇళ్లలో పుట్టిన మనకు ఒక చిన్న లాభం ఉంది. ఒకే వస్తువును నాలుగు ఊళ్లలో నాలుగు రకాలుగా చూస్తాం. గాలిపటాన్నే తీసుకోండి. మా గుంటూరు వైపు అది సంక్రాంతి ఆట. ఢిల్లీకి వచ్చాకే తెలిసింది, ఇక్కడ అది ఆగస్టు 15 ఆట అని. ఇంకో విచిత్రం కూడా చదివాను. మన దేశపు 1934 నాటి విమాన చట్టం ‘విమానం’ అనే మాటకు ఇచ్చిన అర్థంలో గాలిపటం కూడా ఉండేది! అయినా గాలిపటాన్ని చూసి ఎవరూ భయపడరు. దారం పట్టుకుని కిందికి వస్తే చివర ఎవరో ఒకరు కనిపిస్తారు కదా.

డ్రోన్‌కు ఆ దారం లేదు. దాని గురించి జరిగే వాదనలన్నీ చివరికి ఇక్కడికే వస్తాయని నాకనిపిస్తుంది.

నాన్న బి.ఎస్.ఎఫ్.లో పనిచేస్తారు. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి క్లాసులో డ్రోన్ మాట వస్తే చాలు, అందరూ నా వైపు తిరుగుతారు. నాకేదో శాస్త్రం తెలిసినట్టు ప్రశ్నలు వేస్తారు. వాటికి జవాబులు వెతుక్కుంటూ చదివినవీ, మా ఇంట్లో చూసినవీ కలిపి ఇది రాస్తున్నాను.

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే: డ్రోన్ అంటే యుద్ధ విమానమేనా? పేరు మాత్రం సైన్యం నుంచే వచ్చింది. 1935లో బ్రిటన్‌లో ఫిరంగుల గురి సాధన కోసం రేడియోతో నడిచే విమానం తయారు చేసి ‘క్వీన్ బీ’ అని పేరు పెట్టారు, అంటే రాణి ఈగ. దానిని చూసి అమెరికా వాళ్లు తమ విమానాలకు ‘డ్రోన్’, అంటే పోతుటీగ, అని పేరు పెట్టుకున్నారని చెబుతారు. ఇప్పుడు ఆ ఒక్క మాట కింద ఎన్నో రకాలు ఉన్నాయి. మన 2021 డ్రోన్ నియమాలు వాటిని బరువును బట్టి ఐదు తరగతులుగా విడదీశాయి. 250 గ్రాముల లోపుది నానో, 2 కిలోల వరకు మైక్రో, 25 కిలోల వరకు చిన్నది, 150 కిలోల వరకు మధ్యరకం, ఆపైన పెద్దది. అరచేతిలో పట్టేదీ, నౌకాదళం కోసం హైదరాబాద్‌లో తయారై 2024 జనవరిలో బయటికి వచ్చిన ‘దృష్టి-10’ కూడా డ్రోన్లే. రెండింటికీ కలిపి ఒకే తీర్పు చెప్పడం అంటే సైకిలుకూ, యుద్ధ ట్యాంకుకూ ఒకే తీర్పు చెప్పడమే.

రెండో ప్రశ్న మా తమ్ముడిది. ‘పుట్టినరోజుకు డ్రోన్ కొనిస్తారా? క్వార్టర్స్ మైదానంలో ఎగరేస్తాను’ అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. నేను నియమాలు వెతికాను. నానో డ్రోన్ నడపడానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. వ్యాపారానికి కాకపోతే మైక్రోకూ అక్కర్లేదు. ఆ సర్టిఫికెట్ కావాలంటే మాత్రం 18 ఏళ్లు నిండాలి, పదో తరగతి పాసై ఉండాలి, శిక్షణ పొందాలి. అయితే అసలు సంగతి వయసు కాదు, చోటు. ప్రభుత్వపు ‘డిజిటల్ స్కై’ పటంలో ఆకాశం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు భాగాలుగా కనిపిస్తుంది. ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేనిదే ఎగరేయకూడదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 12 కిలోమీటర్ల దాకా ప్రత్యేక షరతులు ఉన్నాయి. పైగా జనవరి 26, ఆగస్టు 15 వస్తున్నాయంటే ఢిల్లీ పోలీసులు డ్రోన్లు, పారాగ్లైడర్ల వంటివాటిని నిషేధిస్తూ ఉత్తర్వు ఇస్తారు. అంతా విని వాడు, ‘మరి 2022లో బీటింగ్ రిట్రీట్‌లో వెయ్యి డ్రోన్లు ఎలా ఎగరేశారు?’ అని అడిగాడు. మంచి ప్రశ్నే. ఐ.ఐ.టి. ఢిల్లీలో మొదలైన ఒక స్టార్టప్ వాళ్లు అనుమతి తీసుకుని, ఎవరు, ఎక్కడ, ఎంతసేపు అన్నది ముందే చెప్పి ఎగరేశారు. అందుకే వెయ్యి డ్రోన్లు వేడుక అయ్యాయి. చెప్పకుండా వచ్చేది ఒక్కటైనా కలవరమే.

మూడో ప్రశ్న ఎక్కువగా అమ్మాయిలు అడుగుతారు: మన మేడ మీదికి ఎవరైనా కెమెరా పంపితే? ఇది చిన్న ప్రశ్న కాదు. 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని తీర్పు చెప్పింది. ఎత్తు నుంచి చూసినంత మాత్రాన ఆ హక్కు పోదు. కానీ మా తాతయ్య ఊళ్లో కూడా డ్రోన్ ఇళ్ల మీదుగా ఎగిరింది, ఎవరూ నొచ్చుకోలేదు. అది భూముల సర్వే. ముందుగా గ్రామసభ పెట్టి చెప్పారు. హద్దుల వెంట సున్నం గీతలు వేశారు. తాతయ్య దగ్గరుండి మరీ గీత వేయించుకుని, డ్రోన్ వచ్చిన రోజు అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నారట, తన స్థలం సరిగ్గా ఫోటో తీశారో లేదోనని! ఎవరు చూస్తున్నారో, ఎందుకు చూస్తున్నారో తెలిస్తే మనిషికి నిశ్చింతగా ఉంటుంది.

బాబాయి అడిగిన ప్రశ్న వేరు. ఆయనకు మూడెకరాల మిరప తోట ఉంది. వీపున ట్యాంకు కట్టుకుని మందు కొట్టిన రోజు రాత్రి కళ్లు మండుతున్నాయని పడుకోలేకపోయేవారు. ఇప్పుడు డ్రోన్ వచ్చి ఎకరానికి పట్టుమని పది నిమిషాలు తీసుకోవడం లేదు. కేంద్ర మంత్రివర్గం 2023 నవంబరులో ఆమోదించిన ‘నమో డ్రోన్ దీదీ’ పథకం 15,000 మహిళా సంఘాలకు ఇలాంటి డ్రోన్లు ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. డ్వాక్రా సంఘంలో పొదుపు లెక్కలు రాసే అక్క పదిహేను రోజుల శిక్షణతో పైలట్ అవుతుందంటే నాకెంతో సంతోషం. కానీ బాబాయి, ‘మరి మందు కొట్టే కూలీల సంగతేమిటమ్మా? గాలికి మందు పక్క చేలో పడితే ఎవరినడగాలి?’ అన్నారు. నా దగ్గర పుస్తకంలో జవాబు లేదు. కూలికి వెళ్లేవాళ్ల పిల్లలకే ముందు ఆ శిక్షణ ఇస్తే బాగుంటుందని మాత్రం అన్నాను. ఆయన తల ఊపారు, ఒప్పుకున్నట్టు కాదు, విన్నట్టు.

మా పెద్దమ్మకైతే ఈ ప్రశ్నలేవీ పట్టవు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీలు మునిగినప్పుడు వాళ్లు మేడ మీద చిక్కుకున్నారు. పడవలు రాలేని సందుల్లోకి డ్రోన్లు ఆహార పొట్లాలు, నీళ్ల సీసాలు తెచ్చాయి. ఆ శబ్దం వింటే ఇప్పటికీ దండం పెడుతుంది. మణిపూర్‌లో 2021 అక్టోబరులో బిష్ణుపూర్ నుంచి లోక్‌తాక్ సరస్సులోని కరాంగ్ దీవికి టీకాలు డ్రోన్ మీద వెళ్లాయి. రోడ్డు మార్గంలో 26 కిలోమీటర్లు, గాలిలో 15 కిలోమీటర్లు, పావుగంటలోపు చేరాయి. అంతకు ముందు నెలలోనే తెలంగాణలో వికారాబాద్ దగ్గర ‘మెడిసిన్ ఫ్రమ్ ది స్కై’ ప్రయోగం మొదలైంది.

ఇక నాన్న. ఆయన ఉండేది పంజాబ్ సరిహద్దులో. ఏ ఊరో రాయను, అది మా ఇంటి నియమం. అక్కడ రాత్రిళ్లు అవతలి నుంచి చిన్న డ్రోన్లు మత్తుమందు పొట్లాలు మోసుకొస్తాయి. 2024లో ఒక్క పంజాబ్ సరిహద్దులోనే బి.ఎస్.ఎఫ్. రెండు వందలకు పైగా డ్రోన్లను పట్టుకుంది. చాలావరకు పెళ్లి వీడియోలు తీసేవాటి లాంటివే. ‘మా చెవులే మొదటి రాడార్’ అంటారు నాన్న. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరం మీద డ్రోన్లు బాంబులు వేసినప్పుడు నేను చిన్నదాన్ని. 2025 మే నాటికి అన్నీ అర్థమయ్యే వయసు వచ్చింది.

మే 7 రాత్రి 8 గంటలకు న్యూఢిల్లీ ప్రాంతంలో పావుగంట దీపాలు ఆర్పి సాధన చేశారు. ఇక్కడ అది సాధన, సరిహద్దు ఊళ్లలో నిజం. మే 8 రాత్రి లేహ్ నుంచి సర్ క్రీక్ దాకా 36 చోట్ల సుమారు 300 నుంచి 400 డ్రోన్లు వచ్చాయని మరునాడు కర్నల్ సోఫియా ఖురేషీ టీవీలో చెబుతుంటే, అమ్మ చపాతీల పిండి కలుపుతూ అలాగే నిలబడిపోయింది. ఆ రోజుల్లో నాన్న నుంచి రోజుకు ఒక్క మాటే మెసేజ్ వచ్చేది: ‘తిన్నాను’. అంతే. అమ్మ దాన్ని చదివాకే మాకు అన్నం పెట్టేది. ఫిరోజ్‌పూర్ జిల్లాలో ఒక ఇంటి మీద డ్రోన్ పడి ఒకే కుటుంబంలో ముగ్గురు గాయపడ్డారన్న వార్త వచ్చిన రోజు టీవీ కట్టేసింది.

‘వచ్చేవాటన్నిటినీ కూల్చేయలేమా?’ అని స్నేహితులు అడుగుతారు. చాలా కూల్చారు. ఎల్-70 తుపాకులు, హైదరాబాద్ భారత్ డైనమిక్స్‌లో తయారయ్యే ఆకాశ్ క్షిపణులు ఆ పనిలో పేరు తెచ్చుకున్నాయి. రేడియో సంకేతాలను తెంచి దింపే యంత్రాలూ ఉన్నాయి. కష్టం ఎక్కడంటే, డ్రోన్ చవక, దాన్ని కూల్చే క్షిపణి ఖరీదు. పంపినవాడు ఒక యంత్రాన్ని పోగొట్టుకుంటాడు. కింద ఉన్నవాడు రాత్రంతా నిద్ర పోగొట్టుకుంటాడు.

అదే ఏడాది కార్తీక మాసంలో మా పిన్ని కూతురి పెళ్లికి నాన్న సెలవు మీద వచ్చారు. ముహూర్తం వేళ మండపం మీదికి కెమెరా డ్రోన్ వచ్చింది. పిల్లలందరూ చేతులూపారు. నాన్న అక్షింతలు గుప్పిట్లో పట్టుకుని ఆగిపోయారు. ఆయన డ్రోన్ వైపు ఎక్కువసేపు చూడలేదు. చుట్టూ చూశారు, నడిపేదెవరా అని. కొబ్బరి చెట్టు పక్కన రిమోట్ పట్టుకుని నిలబడ్డ ఫోటోగ్రాఫర్ కుర్రాడు కనిపించాక గాని అక్షింతలు వేయలేదు. ఆ సంగతి అమ్మా నేనూ మాత్రమే గమనించాం.

స్కూల్లో ‘డ్రోన్లు వరమా, శాపమా’ అని చర్చ పెడితే ఎవరో ఒకరు తప్పకుండా, ‘కత్తి లాంటిది, కూరగాయలూ తరగొచ్చు, గాయమూ చేయొచ్చు’ అంటారు. చప్పట్లు పడతాయి. నాకు ఆ పోలిక చాలదనిపిస్తుంది. కత్తి పట్టుకున్నవాడు మన ఎదుటే ఉంటాడు. వద్దని చెప్పొచ్చు, చెయ్యి పట్టుకోవచ్చు, పోలీసులకు గుర్తులు చెప్పొచ్చు. డ్రోన్ పంపినవాడు కిలోమీటర్ల అవతల ఉంటాడు. డ్రోన్‌కు గుర్తింపు సంఖ్య, పైలట్‌కు సర్టిఫికెట్, ఆకాశానికి రంగుల పటం, ఇవన్నీ ఆ లేని దారాన్ని కట్టే ప్రయత్నాలే. ఇక మనిషి చెప్పకుండానే యంత్రమే లక్ష్యాన్ని ఎంచుకుని దాడి చేసే ఆయుధాల మీద ప్రపంచమంతా వాదన నడుస్తోంది. వాటిని నిషేధించే ఒప్పందం 2026 నాటికి కుదరాలని ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ కోరారు. అలాంటి ఆయుధానికి దారం చివర వెతికినా చెయ్యి ఉండదు. నన్ను అన్నిటికంటే భయపెట్టేది అదే.

మనలో చాలామందికి ఒకటి రెండేళ్లలో 18 నిండుతాయి. కొందరం వాటిని తయారు చేస్తాం, కొందరం పొలాల మీద నడుపుతాం, కొందరం సరిహద్దులో వాటి శబ్దం కోసం చెవులు రిక్కిస్తాం. ఎక్కడికి బదిలీ అయినా ఒక అలవాటు చేసుకుందాం. డ్రోన్ ఎగరేసే రోజున చుట్టుపక్కలవాళ్లకు ముందుగా చెబుదాం. కింద ఉన్నవాళ్లకు మనం కనిపించేలా నిలబడదాం. పైకి చూసినవాళ్లు, చుట్టూ కూడా ఒకసారి చూస్తారు.